పది మంది పనిచేసే చోట పనితీరు ప్రణాళిక: తయారీ నుంచి జీతం పెంపు దాకా అడుగడుగునా

చిన్న వ్యాపారాల్లో పనితీరు మాట రెండు రోజులే వస్తుంది. జీతం పెంచమని పనివాడు అడిగిన రోజు ఒకటి, ఏదో నష్టం జరిగి సేటు కోప్పడిన రోజు ఇంకొకటి. ఆ రెండు రోజులూ చేతిలో లెక్క ఉండదు. ఎవరికి ఏది గుర్తుంటే అదే లెక్క అవుతుంది. సేటుకు తప్పులు గుర్తుంటాయి, పనివాడికి పడిన కష్టం గుర్తుంటుంది. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరికీ కుదరదు.

పనితీరు ప్రణాళిక అంటే ఎవరి పని ఏమిటో, దాన్ని ఏ అంకెతో చూడాలో ముందే రాసుకుని, నెలనెలా కూర్చుని మాట్లాడుకోవడం. ఈ మార్గదర్శి 5 నుంచి 25 మంది దాకా పనిచేసే చోట్ల కోసం. నల్గొండలో సూపర్ మార్కెట్, మిర్యాలగూడలో రైస్ మిల్లు, దేవరకొండలో ఎరువుల దుకాణం, మహబూబ్‌నగర్‌లో బట్టల షాపు, జడ్చర్లలో హార్డ్‌వేర్ షాపు, ఏదైనా సరే. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, మనిషికో ఫైలు, నెలకు మనిషికి పదిహేను నిమిషాలు చాలు.

## 1. ఎప్పుడు మొదలుపెట్టాలి

గిరాకీ నెత్తిన ఉన్నప్పుడు మొదలుపెట్టిన ప్రణాళిక రెండో వారంలోనే ఆగిపోతుంది. అందుకే ముందు మీ వ్యాపారంలో ఊపిరాడే నెల చూసుకోండి.

- రైస్ మిల్లు: వానాకాలం వడ్ల రద్దీ తగ్గాక ఫిబ్రవరి, లేదా యాసంగి వడ్ల హడావుడి అయ్యాక ఆగస్టు.
- ఎరువులు, విత్తనాలు: ఏప్రిల్. జూన్ వచ్చిందంటే కౌంటర్ ముందు వరుస తప్ప ఇంకేమీ కనపడదు.
- బట్టల షాపు: ఆషాఢం సేల్ పెట్టనివాళ్లకు ఆషాఢం, పెట్టేవాళ్లకు మూఢం ఉన్న నెల.
- కిరాణా, సూపర్ మార్కెట్: దసరా, దీపావళి, సంక్రాంతి కాకుండా ఏ నెలైనా.

తయారీకి మొదటి మూడు వారాలు, వాటితో కలిపి అలవాటు పడటానికి 90 రోజులు. ఈ 90 రోజులూ డబ్బుతో ముడిపెట్టకండి. ఎందుకో 6వ భాగంలో ఉంది.

## 2. తయారీ: మొదటి వారం

పేర్ల జాబితా. దుకాణంలో పనిచేసే ప్రతి ఒక్కరి పేరూ రాయండి. ఇంటి మనుషులూ ఇందులోకే వస్తారు. కౌంటర్ మీద కూర్చునే బామ్మర్దికి కొలత లేకుండా మిగతా పదిమందికి కొలతలు పెడితే ఆ ప్రణాళికను ఎవరూ నమ్మరు.

ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి. మన దుకాణాల్లో అసలు చిక్కు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఒకే కుర్రాడికి సేటు ఒక పని చెబుతాడు, సేటు తమ్ముడు ఇంకొకటి చెబుతాడు, కాలేజీ నుంచి వచ్చిన కొడుకు మూడోది చెబుతాడు. సాయంత్రం మూడూ సగం సగం మిగులుతాయి, తిట్లు మాత్రం ఒక్కడికే పడతాయి. ప్రతి పేరు పక్కన ఒక్క పెద్ద పేరే రాయండి. మిగతావాళ్లు పని చెప్పాలంటే ఆ ఒక్కరి ద్వారానే చెప్పాలి. ఇంట్లో ఈ ఒప్పందం కుదరకపోతే తర్వాతి అడుగులు వేయకండి, దండగ.

పాత లెక్కలు. గడిచిన మూడు నెలలవి బయటకు తీయండి: హాజరు రిజిస్టర్, రోజువారీ గల్లా ముగింపు, వాపసు వచ్చిన బిల్లులు, పాడైన సరుకు, ఉద్దెర ఖాతా, గోదాం స్టాక్ పుస్తకం. ఏది ఉందో అదే. లేనిదాన్ని ఇప్పుడు ఊహించి నింపకండి.

ఎవరిని కలపకూడదు. బస్తాకు ఇంత అని కూలి తీసుకునే హమాలీలకు విడివిడి ప్రణాళిక పనికిరాదు. వాళ్ల కూలి పని లెక్క మీదే ఉంది. వాళ్లకు జట్టు మొత్తానికి కలిపి ఒకటి రెండు కొలతలు చాలు: చినిగిన బస్తాలు ఎన్ని, లారీ ఎన్ని గంటలు ఆగింది.

## 3. ఒక్కో ఉద్యోగానికి ఒక పేజీ

మనిషికి కాదు, ఉద్యోగానికి రాయాలి. ఐదు నుంచి ఏడు వాక్యాలు. ప్రతి వాక్యంలో ఏం చేయాలి, ఎప్పటిలోగా, ఎలా ఉంటే పని అయినట్టు అనే మూడూ కనపడాలి.

"కౌంటర్ బాగా చూసుకోవాలి" అని రాస్తే దానికి అర్థమే లేదు. ఇలా రాయండి: "రాత్రి షట్టర్ వేసే ముందు గల్లా లెక్కపెట్టి, నోట్లు, యూపీఐ, కార్డు, ఉద్దెర నాలుగూ విడివిడిగా పుస్తకంలో రాసి, బిల్లింగ్ మిషన్ మొత్తంతో సరిచూసి సంతకం పెట్టాలి." ఇది చదివితే కొత్తగా చేరినవాడికి కూడా పని అర్థమవుతుంది.

ఈ పేజీని మీరొక్కరే కూర్చుని రాయకండి. ముందు ఆ పని చేసే మనిషినే అడగండి: "షట్టర్ తీసినప్పటి నుంచి వేసేదాకా ఏమేం చేస్తవో వరుసగా చెప్పు." రాయడం రాకపోతే ఫోన్‌లో రికార్డు చేసి తర్వాత రాసుకోండి. మీకు తెలియని రెండు మూడు పనులు తప్పకుండా బయటపడతాయి. ఎదురింటి గోదాం తాళాలు అతని దగ్గరే ఉంటాయి, ఉదయం నీళ్ల క్యాన్లు అతనే మోస్తాడు, మీ పిల్లల్ని బడి దగ్గర దింపేదీ అతనే. ఆ గంట పేజీలో లేకపోతే కొలతలన్నీ తప్పుతాయి.

మిల్లుల్లో బీహార్ నుంచి వచ్చినవాళ్లుంటే అదే పేజీని హిందీలో చదివి వినిపించండి. సంతకం పెట్టించుకుంటే సరిపోదు. విన్నది తిరిగి చెప్పించండి.

## 4. కొలతలు ఎంచుకోవడం

సగం సమయం ఇక్కడే పెట్టండి. కొలత తప్పయితే మిగతాదంతా ఎంత బాగా చేసినా మనుషుల మధ్య తగాదాకే దారి తీస్తుంది.

మనిషికి మూడు కొలతలు. నాలుగు దాటొద్దు. ప్రతి కొలతకూ ఈ మూడు ప్రశ్నలు వేయండి:

- ఆ అంకె మారడం అతని చేతిలో ఉందా?
- ఆ అంకె ఇప్పటికే ఎక్కడైనా నమోదవుతోందా, లేక కొత్తగా రాయాలా?
- అతను ఈ ఒక్క అంకె కోసమే పరుగెత్తితే ఇంకేదైనా చెడుతుందా?

మొదటి ప్రశ్నకు మిల్లు ఉదాహరణ. ఆపరేటర్ పనితనాన్ని నూక శాతంతో కొలవాలని చాలామందికి అనిపిస్తుంది. కానీ యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో పండుతాయి. గింజలో ముందే పగుళ్లు ఉంటాయి. పచ్చిబియ్యంగా ఆడితే నూక ఎక్కువే వస్తుంది, అందుకే ఆ వడ్లను ఉప్పుడు బియ్యం చేస్తారు. డిసెంబరులో వచ్చిన నూక శాతాన్ని మేలో అదే ఆపరేటర్ ముందు పెట్టి "పని పడిపోయింది" అంటే, ఎండ చేసిన తప్పును అతని మీద వేసినట్టే.

అతని చేతిలో ఉన్నవి వేరే: వడ్ల పొట్టు తీసే రబ్బర్ రోల్స్ మధ్య సందు సరిగ్గా పెట్టడం, అరిగిన రోల్‌ను సమయానికి మార్చడం, వడ్లు పడే వేగం, పాలిషర్ మీద ఒత్తిడి, గంటకోసారి శాంపిల్ తీసి చూడటం. కాబట్టి కొలత ఇలా పెట్టండి: ఒకే లాటు వడ్లు రెండు షిఫ్టుల్లో ఆడినప్పుడు రెండు శాంపిళ్లు తీసి నూక తేడా చూడటం, ముందే తెలిసిన మరమ్మతు చేయక మిల్లు ఆగిన గంటలు, గంట శాంపిల్ పుస్తకంలో ఖాళీగా వదిలిన గళ్లు. ఎండ మారినా, వడ్ల రకం మారినా ఈ మూడు కొలతలు నిలబడతాయి.

రెండో ప్రశ్నకు ఎరువుల దుకాణం. సబ్సిడీ ఎరువు అమ్మకం ఈ-పాస్ మిషన్ (కొనేవారి వేలిముద్ర తీసుకుని అమ్మకం నమోదు చేసే మిషన్) మీదే జరగాలి. మిషన్‌లో చూపే స్టాక్, గోదాంలో ఉన్న బస్తాలు ఒకటి కాకపోతే తనిఖీ రోజు లైసెన్సుకే ముప్పు. అంకె రోజూ మిషన్‌లో సిద్ధంగా ఉంటుంది. కౌంటర్ మనిషికి మొదటి కొలత ఇదే: రాత్రి మిషన్ స్టాక్, గోదాం స్టాక్ కలిసిన రోజులు నెలలో ఎన్ని. కొత్త రిజిస్టర్ అక్కర్లేదు.

మూడో ప్రశ్నకు బట్టల షాపు. సేల్స్‌మన్‌కు అమ్మకం రూపాయలు ఒక్కటే కొలతగా పెడితే ఏమవుతుందో చూడండి. గడప దాటి వచ్చిన పెళ్లి బేరం కోసం ఇద్దరు ఎగబడతారు. రెండు వందల తువాలు అడిగిన ముసలాయన వైపు ఎవరూ చూడరు. ఖరీదైన చీర అంటగడతారు, అది మూడో రోజు మార్చుకోవడానికి వస్తుంది. అందుకే ఒక కొలతకు జోడుగా ఇంకొకటి పెట్టాలి: అమ్మకంతో పాటు వాపసు, మార్పిడి బిల్లులు. అమ్మకాన్ని కూడా మనిషికి కాకుండా సెక్షన్‌కు లెక్కకడితే బేరాల కోసం కొట్లాట తగ్గుతుంది.

ఇంకొన్ని ఉద్యోగాలకు పనికొచ్చే కొలతలు:

- బిల్లింగ్ కౌంటర్: 20 రూపాయలు దాటి తేడా వచ్చిన రోజులు, రద్దు చేసిన బిల్లులు, ముగింపు లెక్క రాయని రోజులు.
- ర్యాక్ బాయ్: గడువు దాటి ర్యాక్‌లో దొరికిన వస్తువులు, గోదాంలో ఉండి కూడా ర్యాక్ ఖాళీగా ఉన్న సందర్భాలు.
- డెలివరీ డ్రైవర్: చెప్పిన పూట చేరిన ఆర్డర్ల శాతం, జోడుగా దెబ్బతిన్న సరుకు. ట్రిప్పుల సంఖ్య మాత్రం వద్దు, అది హైవే మీద వేగం పెంచుతుంది.
- ఉద్దెర వసూలు గుమస్తా: 60 రోజులు దాటిన బాకీ మొత్తం, నెలలో కలిసిన బాకీదార్లు. పంట డబ్బులు రైతుల చేతికి వచ్చే నెలల్లో వసూలు సహజంగా పెరుగుతుంది. పోయిన నెలతో పోల్చకుండా, పోయిన ఏడాది అదే నెలతో పోల్చండి.

హాజరును అందరికీ కొలతగా పెట్టొచ్చు, కానీ ఒక జాగ్రత్త. ఊరి నుంచి వచ్చే సేల్స్ అమ్మాయికి తొలి పల్లెవెలుగు బస్సే తొమ్మిదిన్నరకు దింపుతుందంటే, తొమ్మిది గంటల హాజరు ఆమె చేతిలో లేదు. ఆమె షిఫ్టును తొమ్మిదిన్నరకు మార్చండి, తర్వాత ఆలస్యం లెక్కపెట్టండి. బతుకమ్మ, దసరాకు, కురుమూర్తి జాతరకు, చెరువుగట్టుకు, రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టుకు సెలవులు ఎలాగూ అడుగుతారు. వారం ముందు చెప్పి తీసుకున్న సెలవును కొలతలో కలపకండి. చెప్పకుండా మానేసిన రోజులనే లెక్కపెట్టండి.

అంకెకు అందని గుణాలు కూడా ఉంటాయి. "మర్యాద", "నిజాయితీ" అని రాస్తే ఎవరికి తోచినట్టు వాళ్లు మార్కులు వేస్తారు. కంటికి కనపడే పనిగా మార్చండి: "వచ్చిన గిరాకీని నిమిషంలోగా పలకరించడం", "సరుకు లేకపోతే లేదని చెప్పి, ఎప్పుడొస్తుందో ఫోన్ నంబర్ రాసుకోవడం".

## 5. లక్ష్యం అంకె వేయడం

పక్క దుకాణం అంకె తెచ్చి పెట్టకండి. మీ మూడు నెలల లెక్కే పునాది.

ఉదాహరణకు కౌంటర్‌లో తేడా వచ్చిన రోజులు వరుసగా 7, 9, 8 అనుకుందాం. సగటు 8. మొదటి మూడు నెలల లక్ష్యం 5, తర్వాతి మూడు నెలలకు 3. సున్నా అని పెట్టారో, మొదటి తేడాకే లక్ష్యం పోయింది. ఆ నెలలో మిగిలిన రోజులు అతను పట్టించుకోడు. పైగా తేడాను జేబులోంచి వేసి దాచడం నేర్చుకుంటాడు. దాచిన తేడా కంటే కనపడే తేడా మేలు.

అమ్మకం లాంటి పెరగాల్సిన అంకెను మొదటి మూడు నెలల్లో 10 శాతానికి మించి పెంచకండి. నెలనెలకూ ఒకే లక్ష్యం కూడా తప్పే. శ్రావణం, మాఘం పెళ్లిళ్ల నెలలకు ఒక అంకె, మూఢానికి ఇంకొక అంకె వేయండి. పోయిన ఏడాది అదే నెల బిల్లులు ఉంటే పని సులువు.

ప్రతి లక్ష్యం పక్కన ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూడండి:

- [ ] అంకె
- [ ] అది ఏ పుస్తకం లేదా ఏ మిషన్ నుంచి వస్తుంది
- [ ] ఎవరు, ఏ రోజు రాస్తారు
- [ ] అతనికి దీని కోసం మీరేం ఇవ్వాలి (చిల్లర, తూకం మిషన్ మరమ్మతు, శిక్షణ)

నాలుగోది చాలామంది వదిలేస్తారు. పొద్దున గల్లాలో చిల్లర పెట్టకుండా లెక్క కుదరాలంటే కుదరదు.

## 6. అందరికీ చెప్పడం

షట్టర్ తీయకముందు అరగంట. టీ తెప్పించండి. చెప్పాల్సినవి నాలుగే: ఎందుకు మొదలుపెడుతున్నాం, ఏం రాస్తాం, ఎవరు చూస్తారు, మొదటి 90 రోజులు దీని వల్ల ఎవరి జీతమూ పెరగదు, తరగదు.

ఆ చివరి మాట ముఖ్యం. మొదటి మూడు నెలల్లో మీ కొలతల్లో ఒకటో రెండో తప్పని తేలుతుంది. డబ్బు ముడిపడితే ఆ తప్పును ఎవరూ బయటపెట్టరు. లాభపడినవాడు దాస్తాడు, నష్టపోయినవాడు మీరు కావాలనే చేశారనుకుంటాడు.

తర్వాత ఒక్కొక్కరితో విడిగా కూర్చుని వాళ్ల పేజీ చదివి వినిపించండి. "ఇందుల నీకు న్యాయం కాదనిపించేది ఏదన్న ఉన్నదా?" అని అడగండి. ఒక్క మార్పైనా వాళ్ల మాట మీద చేస్తే ఆ పేజీ వాళ్లది కూడా అవుతుంది. రెండు ప్రతులు, ఇద్దరి సంతకాలు, ఒకటి వాళ్ల చేతికి.

## 7. నెలకు పదిహేను నిమిషాల మాట

ప్రణాళిక బతికేదీ ఆగిపోయేదీ ఈ పదిహేను నిమిషాల దగ్గరే.

ఎప్పుడు, ఎక్కడ. జీతాలిచ్చే రోజు వద్దు. ఆ రోజు అతని మనసంతా చేతికొచ్చే డబ్బు మీద, అడ్వాన్స్ కోత మీద ఉంటుంది. 10వ తేదీ నుంచి 15 లోపు పెట్టుకోండి. కౌంటర్ దగ్గర, గిరాకీ ముందు, తోటివాళ్ల ముందు వద్దు. గోదాంలో రెండు కుర్చీలు వేసుకున్నా చాలు, ఫోన్ పక్కన పెట్టాలి.

వరుస.

1. మూడు నిమిషాలు అతను మాట్లాడాలి.
2. నాలుగు నిమిషాలు మూడు అంకెలు చూడాలి. పుస్తకం ఇద్దరి మధ్యలో తెరిచి ఉండాలి.
3. ఆరు నిమిషాలు ఒక్క అడ్డంకి మీద. ఒక్కటే.
4. రెండు నిమిషాలు రాసుకోవడం: తేదీ, అతను చేసేది, మీరు చేసేది, సంతకాలు.

సూపర్ మార్కెట్ కౌంటర్ కుర్రాడితో ఆ మాట ఇలా సాగొచ్చు:

"తమ్మీ, పోయిన నెల ఎట్ల నడిచింది? ఏడ ఇబ్బందైంది?"

"పొద్దుగాల ఏం పరేషాన్ లేదన్నా. సాయంత్రం ఆరు దాటితెనే లెక్క తప్పుతుంది. ఒకాయన సగం నోట్లిస్తడు, సగం ఫోన్‌ల కొడ్తడు. మిషన్ల మాత్రం మొత్తం క్యాష్ అనే పడ్తది."

"పుస్తకంల చూద్దాం. ఎనిమిది తేడాలు, అండ్ల ఆరు సాయంత్రంవే. సగం సగం కట్టే బిల్లు మిషన్ల ఎట్ల కొట్టాల్నో నీకు ఎవరన్న చూపిచ్చిండ్రా?"

"లేదన్నా."

ఇక్కడ తిట్టడానికి ఏమీ మిగల్లేదు చూడండి. పుస్తకంలో రాసుకునేది ఇంతే: "సేటు: శుక్రవారంలోగా మిషన్ కంపెనీ మనిషిని పిలిచి సగం సగం బిల్లు నేర్పించాలి. కౌంటర్: సాయంత్రం 6 నుంచి ప్రతి రెండు గంటలకు గల్లా ఒకసారి సరిచూడాలి." వచ్చే నెల మాట ఇక్కడి నుంచే మొదలవుతుంది. మీరు రాసుకున్నది మీరు చేయకపోతే ముందు అది ఒప్పుకోండి, తర్వాతే అతని అంకె అడగండి.

వారానికి రెండు వాక్యాలు. నోట్‌బుక్‌లో ప్రతి మనిషికి వారానికి రెండు వాక్యాలు రాయండి. ఒకటి బాగా చేసింది, ఒకటి సరిదిద్దాల్సింది. తేదీతో. ఇది లేకపోతే సమీక్ష నాటికి పోయిన వారం తప్పొక్కటే గుర్తుంటుంది, ఆర్నెల్ల మంచి పని చెరిగిపోతుంది. బాగా చేసినదాన్ని అదే రోజు నోటితో కూడా చెప్పండి, తోటివాళ్లు వినేలా. సరిదిద్దాల్సింది మాత్రం విడిగానే.

## 8. మార్కులు, డబ్బు

ఆరు నెలలకోసారి పూర్తి సమీక్ష. పదికి ఏడున్నర, ఏడు ముప్పావు అని మార్కులు వేయకండి. ఆ పావు మార్కు ఎందుకు తగ్గిందో మీరు కూడా చెప్పలేరు. ప్రతి కొలతకు మూడు మెట్లు చాలు: అందుకుంటే 2, దగ్గరకొస్తే 1, లేకపోతే 0.

కొలతలకు బరువు 50, 30, 20గా పంచండి. ఒకరికి వరుసగా 2, 1, 2 వచ్చాయనుకుందాం. ఒక్కో మార్కును దాని బరువుతో గుణిస్తే 100, 30, 40. కలిపితే 170. పూర్తి మార్కులు 200 కాబట్టి 85 శాతం.

ఇన్సెంటివ్ నెల జీతంలో 5 నుంచి 10 శాతం మధ్య ఉంటే చిన్న వ్యాపారం మోయగలదు. జీతం 15,000, ఇన్సెంటివ్ 6 శాతం అంటే 900. 85 శాతం వచ్చినవాడికి 765 రూపాయలు. 50 శాతం లోపు వస్తే ఏమీ ఉండదు. ప్రకటించే ముందు మొత్తం లెక్కకట్టుకోండి. నెల జీతాలు 1,80,000 అయితే, అందరికీ పూర్తిగా వస్తే నెలకు 10,800. మీ వ్యాపారంలో అతి తక్కువ గిరాకీ ఉన్న నెలలో కూడా ఇది ఇవ్వగలరా? లేదంటే శాతం తగ్గించండి. ఒకసారి చెప్పి ఆపితే, అసలు పెట్టకపోవడం కంటే ఎక్కువ చెరుపు.

కలపకూడనివి కొన్ని ఉన్నాయి:

- కనీస వేతనం. ఇన్సెంటివ్ దాని పైన ఇవ్వాలి. ఇన్సెంటివ్ కలిపితేనే కనీస వేతనం అందేలా జీతం పెట్టకూడదు.
- అడ్వాన్స్. కూతురి పెళ్లికో, బోరు వేయడానికో ఇచ్చిన చేబదులు వేరే పుస్తకంలో ఉండాలి. సమీక్షలో ఆ మాట ఎత్తొద్దు. "నీకు యాభై వేలు ఇచ్చిన" అని మొదలైతే అది పనితీరు మాట కాదు.
- దసరా మామూలు. అందరికీ ఇచ్చేది అందరికీ ఇవ్వాలి.
- కోతలు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం జరిమానా ఆ వేతన కాలపు జీతంలో 3 శాతం దాటకూడదు. వేసే ముందు అతని సంజాయిషీ వినాలి. గల్లాలో తేడా వచ్చిందని ఆ మొత్తాన్ని అక్కడికక్కడే జీతంలోంచి కోసే అలవాటు మానుకోండి.

## 9. పని పడిపోయినప్పుడు ఆరు వారాల ప్రణాళిక

నెల మాటలో చూసే అంకెలను 8వ భాగంలోలాగే లెక్కకట్టినప్పుడు రెండు నెలలు వరుసగా 50 శాతం లోపు వస్తే ఇది మొదలుపెట్టండి. ముందు కారణం పట్టుకోవాలి. కారణాలు నాలుగు రకాలు: పని తెలియదు, పనిముట్టు సరిగా లేదు, ఇంట్లో ఏదో కష్టం ఉంది, లేదా మనసు లేదు. మొదటి రెండూ మీరు సరిచేయాల్సినవి. మూడోదానికి కొంత గడువు కావాలి. ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెట్టిన ఆరు వారాల గడువు ఎవరికీ న్యాయం చేయదు. నాలుగోదానికే ఈ కాగితం.

- మొదటి రోజు: ఏ కొలత, ఇప్పుడెంత, ఎంత కావాలి, మీరేం సాయం చేస్తారు. ఒక పేజీ, ఇద్దరి సంతకాలు. సంతకం పెట్టనంటే బలవంతం వద్దు. చదివి వినిపించినట్టు సాక్షితో రాయించండి.
- ప్రతి వారం: పది నిమిషాలు, అంకె చూడటం.
- మూడో వారం: సగం దారి. మెరుగు కనపడితే చెప్పండి, కాగితం మీద కూడా రాయండి.
- ఆరో వారం: నిర్ణయం. అందుకుంటే ఫైలు మూసి మామూలు నెల మాటకు రావాలి. అందుకోకపోతే పని మార్చడం లేదా విడిపోవడం.

విడిపోవాల్సి వస్తే నోటి మాటతో "రేపటి నుంచి రావద్దు" అనడం కుదరదు. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం కింద ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు. రాతపూర్వకంగా నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి. ఐదేళ్లు దాటినవారికి సేవా పరిహారం కూడా ఉంటుంది. దొంగతనం లాంటి దుష్ప్రవర్తన అంటే విచారణ జరిపి ఆధారాలు రాయాలి. మిల్లు కర్మాగారం కిందికి వస్తే నిబంధనలు వేరు. ఉత్తరం ఇచ్చే ముందు కార్మిక చట్టాలు తెలిసిన వకీలుకు ఫైలు చూపించండి. ఆ ఫైల్లో తేదీలతో, సంతకాలతో కాగితాలు ఉంటే మీ మాట నిలబడుతుంది.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

పాత మనిషికి మినహాయింపు. "నాన్న కాలం నుంచి ఉన్నడు" అని పదిహేనేళ్ల గుమస్తాను ప్రణాళిక బయట ఉంచుతారు. అతనికి అవమానం అవుతుందనే భయం. అతనితోనే ముందు మాట్లాడండి, పని పేజీలు రాయడంలో సాయం అడగండి. కొత్తవాళ్లకు నేర్పడాన్ని అతని కొలతల్లో ఒకటిగా పెట్టండి. అది గౌరవమే కానీ పరీక్ష కాదు.

గోడ మీద ర్యాంకులు. పేర్లు, మార్కులు గోడకు అంటించకండి. చివరి పేరు ఉన్నవాడు పని మెరుగుపరచుకోడు, వేరే దుకాణం వెతుక్కుంటాడు. జట్టు అంకె మాత్రం గోడ మీద రాయొచ్చు.

నెల మాట తప్పడం. రెండు నెలలు వరుసగా తప్పితే ప్రణాళిక ఆగిపోయిందని అందరికీ అర్థమైపోతుంది. రద్దీ నెలలో పదిహేను నిమిషాలు కుదరకపోతే ఐదు నిమిషాలే కూర్చోండి, ఒక్క అంకె చూడండి. పూర్తిగా మానొద్దు.

మధ్యలో లక్ష్యం పెంచడం. రెండో నెలలోనే అందుకున్నాడని మూడో నెల లక్ష్యం పెంచితే, ఇకపై ఎవరూ తొందరగా అందుకోరు. ముందే రాసుకున్న అంకెలను ఆరు నెలల దాకా కదపకండి.

వాట్సాప్ గ్రూపులో తిట్లు. తప్పును గ్రూపులో పెట్టి నిలదీయకండి. గ్రూపు సమాచారానికే.

## 11. తొలి 90 రోజుల చెక్‌లిస్ట్

1 నుంచి 21వ రోజు

- [ ] పేర్ల జాబితా, ఒక్కొక్కరికి ఒక్క పెద్ద
- [ ] మూడు నెలల పాత లెక్కలు
- [ ] ఉద్యోగానికో పేజీ, చేసేవాళ్ల నోటితో విన్నాకే
- [ ] మనిషికి మూడు కొలతలు, మూడు ప్రశ్నల పరీక్ష
- [ ] అందరి సమావేశం, విడివిడి మాట, రెండు ప్రతుల మీద సంతకాలు

22 నుంచి 60వ రోజు

- [ ] రోజువారీ అంకెలు ఖాళీ లేకుండా పడుతున్నాయా, శనివారం ఒకసారి చూడటం
- [ ] వారానికి మనిషికి రెండు వాక్యాలు
- [ ] మొదటి నెల మాట, రెండో నెల మాట
- [ ] మీ వంతుగా రాసుకున్న పనులు పూర్తయ్యాయా

61 నుంచి 90వ రోజు

- [ ] మూడో నెల మాట
- [ ] ఏ కొలత వాళ్ల చేతిలో లేదని తేలింది? తీసేయాలి
- [ ] ఏ అంకె నమోదు కావడం లేదు? మార్చాలి
- [ ] ఇన్సెంటివ్ మొత్తం లెక్క, తక్కువ గిరాకీ నెలతో సరిచూడటం
- [ ] మార్చిన పేజీల మీద కొత్త తేదీ, కొత్త సంతకాలు. పాత పేజీలు చింపకుండా అదే ఫైల్లో